ఖుల్నా ఉప్పునేలల్లో

ఆదివారం, గాజీపూర్

బంగ్లాదేశ్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం ఆఫీసులు తెరుస్తారు కాబట్టి, నైరుతి తీరంలోని ఖుల్నా ఉప్పునేలలు చూడబోయే ముందు వరి పరిశోధనా సంస్థకే వెళ్లాను. ఢాకా నుంచి గాజీపూర్ పెద్ద దూరమేమీ కాదు. కానీ దారి పొడవునా బట్టల ఫ్యాక్టరీలు, షిఫ్టు మారే వేళకు రోడ్డు నిండా జనం. నడిచి వెళ్లేవాళ్లు మా బస్సును దాటిపోతూ ఉంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఈ సంస్థ 1970 అక్టోబరులో పుట్టింది. మరుసటి నెలలోనే భోలా తుపాను వచ్చి కనీసం మూడు లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. 1971లో యుద్ధం, 1974లో కరువు. ఈ వరస గుర్తుంటే, ఏ పార్టీ గద్దె మీద ఉన్నా ఇక్కడి ప్రభుత్వాలు బియ్యం పేరెత్తగానే ఎందుకంత కంగారు పడతాయో తెలుస్తుంది. దేశం ఏర్పడ్డనాడు కోటి టన్నుల దగ్గర ఉన్న బియ్యం ఉత్పత్తి ఇప్పుడు నాలుగు రెట్లకు దగ్గరగా పెరిగింది. అందులో సగానికి పైగా చలికాలంలో పంపుల నీటితో పండే బోరో పంటే. ఎరువుల సబ్సిడీ, డీజిలు, కరెంటు అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. కిలో యూరియా ధర 2022 ఆగస్టులో 16 టాకాల నుంచి 22కు, మరుసటి ఏప్రిల్‌లో 27కు పెరిగింది. ఆ అంకెలు ఇప్పటికీ ఇక్కడి రైతుల నోళ్లలో నానుతున్నాయి.

విత్తనాల గదిలో సీసాల వరుస. ‘బ్రి ధాన్ 51’ (బ్రి అంటే ఈ సంస్థ పొట్టిపేరే) అన్న సీసా దగ్గర నన్ను ఆపి దాని పుట్టుక చెప్పారు. అది మన స్వర్ణ. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు నుంచి 1982లో విడుదలైన ఎంటీయూ 7029. ఒడిశా నాటు రకం ఎఫ్‌ఆర్ 13ఎ లోని మునకను ఓర్చుకునే జన్యువును ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో దీనిలోకి చేర్చారు. 2010లో ఇక్కడ కొత్త పేరుతో విడుదలైంది. మామూలు వరి నీట మునిగితే పైకి తేలాలని గబగబా పొడవు పెరిగి, ఉన్న సత్తువంతా ఖర్చు పెట్టుకుని కుళ్లిపోతుంది. ఇది పెరగడం ఆపేసి నీరు తీసేదాకా ఓపిక పడుతుంది. రెండు వారాల దాకా ఆగగలదు. మార్టేరు మా వైపుదేనని చెప్పగానే ఆ శాస్త్రవేత్త రెండోసారి టీ తెప్పించారు.

నేను అడగాలనుకున్నది మాత్రం ఉప్పు సంగతి. 2007లో విడుదలైన బ్రి ధాన్ 47 ఉప్పును బాగానే ఓర్చుకుంది కానీ, పండాక గింజ రాలిపోయేది. రైతులు దాన్ని నెమ్మదిగా వదిలేశారు. 2014లో బ్రి ధాన్ 67 వచ్చింది, ఆ తర్వాత మరికొన్ని వచ్చాయి. ఉప్పును కొలిచే డెసీసీమెన్ లెక్కలో 67వ రకం 8 దాకా పంట కాలమంతా నిలబడుతుంది, నారు దశలో అంతకన్నా ఎక్కువే తట్టుకుంటుంది. ఏప్రిల్‌లో ఖుల్నా దక్షిణపు నదుల్లో ఉప్పు దీనికన్నా చాలా ఎక్కువ. అంటే ఈ వరి పండాలంటే నది నీరు పొలంలోకి రాకూడదు, పక్కన ఎక్కడో మంచినీరు నిలవ ఉండాలి. ఆ రెండూ విత్తనం చేతిలో ఉన్నవి కావు.

ఈశాన్యాన ఉన్న హావోర్ల గురించి కూడా కొంత మాట్లాడారు. అవి మేఘాలయ కొండల కింది లోతట్టు నేలలు. 2017లో మార్చి చివర మొదలైన మెరుపు వరద కోతకొచ్చిన బోరోను ముంచేసింది. ప్రభుత్వం బియ్యం దిగుమతి సుంకాన్ని 28 శాతం నుంచి 10కి, ఆపై 2కి దించింది. రెండు వారాలు ముందే కోతకొచ్చే రకం కోసం ఇక్కడ తాపత్రయపడేది అందుకే. అటు వెళ్లాలంటే మరో యాత్ర చేయాలి.

సోమవారం, పద్మ దాటి

గంగకు ఇక్కడ పద్మ అని పేరు. 2022 జూన్‌లో పద్మ వంతెన తెరిచాక ఖుల్నా ప్రయాణం సులువైంది. అంతకు ముందు మావా రేవులో ఫెర్రీ కోసం బస్సులు గంటల తరబడి పడి ఉండేవట. 6.15 కిలోమీటర్ల వంతెన మీద బస్సు పరుగెడుతుంటే కింద ఇసుక దిబ్బలు, వాటి మీద వేరుశనగో పుచ్చో, పైనుంచి తెలియని పచ్చదనం.

గోపాల్‌గంజ్ దాటాక మధుమతి నది కనిపించింది. పైన కుష్టియా దగ్గర పద్మ నుంచి చీలి, గోరాయ్ పేరుతో బయలుదేరిన నీరే ఇది. ఖుల్నా ప్రాంతానికి ఎండాకాలం వచ్చే మంచినీటికి ఇదే ప్రధానమైన దారి. 1975లో గంగ మీద భారత్ కట్టిన ఫరక్కా బరాజ్ పని మొదలుపెట్టాక ఎండాకాలపు ప్రవాహం తగ్గింది, గోరాయ్ మొదట్లోనే ఇసుక మేట వేసింది. పైనుంచి తోసే మంచినీరు లేకపోతే సముద్రం పోటు ఇంకా లోపలికి వస్తుంది. 1996లో భారత్, బంగ్లాదేశ్ రాసుకున్న గంగా జలాల ఒప్పందం ముప్పై ఏళ్లది, 2026 డిసెంబరుతో గడువు తీరుతుంది. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన నేను భారతీయుణ్ణని తెలిసి ముందుగా అడిగింది క్రికెట్ గురించి, రెండోది ఫరక్కా గురించి. రెండింటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

సాయంత్రం ఖుల్నాలో దిగాను. భూసార పరిశోధనల లెక్కల ప్రకారం తీరప్రాంతంలో ఉప్పు తగిలిన నేల 1973లో 8.33 లక్షల హెక్టార్లు, 2009 నాటికి 10.56 లక్షలు. సముద్రమట్టం పెరగడం, ఫరక్కా, రొయ్యల చెరువులు అని ముగ్గురు ముద్దాయిలు. ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టం. ప్రాజెక్టు బోర్డుల మీద మాత్రం ఒక్క ముద్దాయి పేరే రాస్తారు: వాతావరణ మార్పు.

మంగళవారం, దాకోప్: పుచ్చకాయలు

పొద్దున్నే భాష తెలిసిన ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి తోడు వచ్చాడు. బటియాఘాటా మీదుగా ఫెర్రీ రేవు, అవతలి ఒడ్డు నుంచి అద్దె మోటారు సైకిలు. దాకోప్ ఉపజిల్లా అంతా నదుల మధ్య ద్వీపాలే. ఒక్కో ద్వీపం చుట్టూ మట్టికట్ట, దానికి ఒక నంబరు. 1961 నుంచి విదేశీ సాయంతో కట్టిన తీరరక్షణ కట్టలివి. దేశమంతటా ఇలాంటి పోల్డర్లు 139 ఉన్నాయి. కట్ట మీద మోటారు సైకిలు వెళ్తుంటే ఎడమ చేతి వైపు పసర్ నది, కుడి చేతి వైపు పొలాలు. నది నీరు పొలం కన్నా ఎత్తుగా ఉంది. పోటు సమయం కాబట్టి అలా ఉందని ముందు సర్దిచెప్పుకున్నాను. అదొక్కటే కారణం కాదని మర్నాడు తెలిసింది.

33వ పోల్డరులో బాజువా వైపు ఎటు చూసినా పుచ్చతీగలే. ఒకప్పుడు ఇక్కడ వానాకాలం ఆమన్ వరి ఒక్కటే పండేది. కోత అయ్యాక నేల వైశాఖం దాకా నెర్రెలిచ్చి పడి ఉండేది. ఇప్పుడు జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుచ్చ విత్తి, బంగ్లా కొత్త సంవత్సరం వేళకు లారీలకు ఎత్తుతున్నారు. ఢాకా వ్యాపారులు పొలంలోనే బేరం చేసి మొత్తం చేను కొనేస్తారు. వాళ్లు చేలో నడుస్తూ కాయను చేత్తో తట్టి, చప్పుడు విని, తల ఊపి వెళ్లిపోతుంటే రైతు వాళ్ల వెనకే నడుస్తున్నాడు.

ఆ చేలో ఒక మూల మనిషి లోతు గుంట ఉంది. కాలువ నుంచి పైపుతో నీరు తెచ్చి ఆ గుంటలో పోస్తారు. అక్కడి నుంచి ఇంట్లో ఆడవాళ్లు బిందెలతో, ప్లాస్టిక్ బకెట్లతో ఒక్కో పాదుకూ పోస్తారు. గుంట అంచు వెంబడి, నీరు ఎండిన మేర తెల్లటి చార కట్టింది. ఆ ఇల్లాలు వేలితో గీకి నా అరచేతిలో పెట్టారు. సన్నటి పొడి, నాలుక మీద చురుక్కుమంది.

“ఫాల్గుణంలో ఈ నీరు తాగినా తాగొచ్చు దాదా. చైత్రం చివరికి ఆకు అంచు మాడ్చేస్తుంది” అన్నారావిడ. “కాయ ఊరేది ఆ చివరి రెండు వారాల్లోనే.”

నీరు ఎక్కడిదని అడిగితే కాలువ చూపించారు. పోల్డరు లోపల పాత నదీపాయలు ఉన్నాయి. వాటిని ఖాల్ అంటారు. వానాకాలం చివర తూము మూసేసి వాననీటిని ఆ ఖాళ్లలో పట్టి ఉంచుకుంటే వేసవి పంటకు ఆధారం దొరుకుతుంది. అయితే ఖాల్ ప్రభుత్వ జల్‌మహల్. చేపలు పట్టుకునే హక్కును వేలం వేస్తారు. 2009 నాటి జల్‌మహల్ విధానం ప్రకారం అసలైన జాలర్ల సహకార సంఘాలకే మొదటి హక్కు. కాగితం మీద సంఘమే ఉంటుంది, వెనక పెట్టుబడి పెట్టేది పలుకుబడి ఉన్న ఒకరు. ఆయనకు చేప కావాలి. చేపపిల్ల కోసం, రొయ్యపిల్ల కోసం ఒక్క రాత్రి తూము ఎత్తి నది నీరు రానిస్తే చాలు, ఆ ఏడు పుచ్చచేను సంగతి అంతే. కొన్ని చోట్ల పూడిపోయిన ఖాల్ మీద ఇళ్లూ వరిమళ్లూ కూడా వెలిశాయి.

మేము వెళ్లి తూము చూశాం. సిమెంటు గోడల మధ్య రెండు ఖానాలు. ఒక తలుపు సగం దాకా దిగి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కింద సందులోంచి నది నీరు ధారగా లోపలికి జారుతోంది. దాన్ని ఆపడానికి ఊరివాళ్లు గోనెసంచుల్లో మట్టి నింపి అడ్డం వేశారు. రెండో తలుపు బాగానే ఉంది, తిప్పే చక్రానికి గొలుసు, తాళం వేసి ఉన్నాయి. తాళంచెవి నీటి నిర్వహణ సంఘం దగ్గర ఉండాలి. రెండువేల సంవత్సరం తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారం పోల్డరు నీటి పెత్తనం రైతుల సంఘాలదే. మరి ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? అక్కడ చేరిన నలుగురూ నాలుగు పేర్లు చెప్పారు. అందులో ఒకాయన ఊళ్లోనే లేడు, ఖుల్నాలో ఉంటాడు.

రాత్రి బస చేసిన ఇంట్లో తాగే నీళ్లు వాననీళ్ల ట్యాంకువి. వేసవిలో అడుగున మిగిలినవి. చేతులు కడుక్కోవడానికి వేరే కుండ. తెలియక మొదటి దాంట్లో ముంచబోతే ఆ ఇంటి చిన్నపిల్ల గట్టిగా కేకవేసి ఆపింది.

బుధవారం, 32వ పోల్డరు

పడవ దాటి సుతార్‌ఖాలీ వైపు వెళ్లాం. అవతల సుందర్బన్స్ చెట్ల వరుస. 2009 మే 25న ఐలా తుపాను వచ్చినప్పుడు ఈ పోల్డరు కట్ట కొన్ని చోట్ల తెగింది. గాలివాన ఒక్క పూటలో వెళ్లిపోయింది. తెగిన కట్టను మళ్లీ మూయడానికి మాత్రం దాదాపు రెండేళ్లు పట్టింది. అన్నాళ్లూ రోజుకు రెండుసార్లు పోటు ఊళ్లోకి వచ్చి పోయేది. జనం కట్ట మీదే గుడిసెలు వేసుకుని ఉన్నారు. ఒక ముసలాయన తన పెరడు చూపించి, ఇక్కడ పడవ కట్టేవాళ్లం అన్నారు. ఆయన చూపిన చోట ఇప్పుడు అరటి చెట్టు ఉంది.

తుపాను కట్ట మీదుగా పొంగి వచ్చిందని నేను అనుకుంటూ ఉన్నాను. ఇక్కడివాళ్లు చెప్పేది వేరు. రొయ్యల చెరువులవాళ్లు నది నీరు తోడుకోవడానికి కట్టకు అడ్డంగా పైపులు దించారు, కట్ట అక్కడక్కడ గుల్లబారింది, పాత ఖాళ్ల మూతుల దగ్గర మట్టి మొదటే బలహీనం. కంచే చేను మేసినట్టయింది. ఆ కోపంతోనే ఐలా తర్వాత దాకోప్‌లో చాలా చోట్ల ఉప్పునీటి చెరువులు మాన్పించి మళ్లీ వరికి వచ్చారు. ఈ ఒక్క నిర్ణయం పెద్ద పెద్ద ప్రణాళికల కన్నా ఎక్కువ నేలను ఉప్పు నుంచి బయటపడేసిందని నా అభిప్రాయం. దాన్ని తీసుకున్నవాళ్ల దగ్గర ప్రణాళికలేమీ లేవు.

నిన్న నది ఎత్తుగా కనిపించిన సంగతి ఇక్కడ తేలింది. ఈ డెల్టాలో నేల సహజంగా కుంగుతూ ఉంటుంది, ప్రతి వానాకాలం నది తెచ్చే ఒండ్రు దాన్ని మళ్లీ ఎత్తుతుంది. కట్ట వేసినప్పటి నుంచి ఒండ్రు లోపలికి రావడం ఆగింది, కుంగడం ఆగలేదు. పరిశోధకులు కొలిచి చూస్తే ఈ పోల్డరు లోపలి నేల పక్కనున్న అడవి నేల కన్నా మీటరు నుంచి మీటరున్నర పల్లంగా తేలింది. అరవై ఏళ్లలో మనుషులు తమ ఊరిని తామే గిన్నెలా చేసుకున్నారు. సముద్రమట్టం పెరిగేది ఏడాదికి మిల్లీమీటర్లలో. ఇక్కడ పోయింది మీటరు. వింత ఏమిటంటే, ఐలా తర్వాత ఆ రెండేళ్ల పోటు చాలా చోట్ల జానెడు, మూరెడు ఒండ్రు పోసి వెళ్లింది. ముసలాయన పెరట్లో అరటి పెరుగుతున్నది ఆ మట్టిలోనే.

పూర్వం ఇక్కడ జమీందారుల కాలంలో ఎనిమిది నెలల కట్టలు వేసేవారట. అష్టమాసీ బాంధ్ అంటారు. ఉప్పు పెరిగే కాలమంతా పొలాన్ని కాపాడి, వానాకాలంలో నది నీరు ఉప్పు విరిగి మంచినీరయ్యాక తెంపేసేవారు. నీరు, ఒండ్రు, చేప అన్నీ లోపలికి వచ్చేవి. మళ్లీ నీరు తీశాక కట్ట వేసుకునేవారు. ఏటా వెట్టి చాకిరీ, అందులో రొమాంటిక్‌గా చెప్పుకోవలసింది ఏమీ లేదు. కానీ నేల ఎత్తు తగ్గలేదు.

ఇప్పుడు ప్రపంచ బ్యాంకు డబ్బుతో ఈ పోల్డరు కట్టను ఎత్తు చేశారు, నది వైపు కాంక్రీటు దిమ్మెలు పేర్చారు. బాగానే ఉంది, తుపాను రాత్రి దాని వెనక ఉండాలనే ఎవరైనా అనుకుంటారు. 1970లో లక్షల్లో పోయిన ప్రాణాలు 2007 సిద్ర్ తుపాను నాటికి మూడు, నాలుగు వేలకు దిగడం చిన్న సంగతి కాదు. హెచ్చరికలు, ఆశ్రయాలు, కట్టలు కలిసి చేసిన పని అది. ప్రాణం దక్కించుకోవడం వీళ్లకు వచ్చేసింది. తెల్లారి లేచాక పొలం సంగతే తేలలేదు.

గురువారం, పాయిక్‌గాఛా

నిన్నటి పచ్చదనం ఇక్కడ లేదు. రోడ్డుకు రెండు వైపులా నీళ్లు, సన్నటి గట్లు, గట్ల మీద కాపలా గుడిసెలు. వీటిని ఘేర్ అంటారు. బాగ్దా రొయ్య, అంటే మన టైగర్ రొయ్య. కోస్తాలో చెరువులు చూసిన కళ్లకు ముందు తట్టింది నీటిలో గాలి కలిపే ఏరేటర్లు లేకపోవడం. తక్కువ పెట్టుబడి, ఎక్కువ విస్తీర్ణం, పోటుతో నీరు మార్చుకోవడం ఇక్కడి పద్ధతి. దిగుబడి తక్కువ కాబట్టి నేల ఎక్కువ కావాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. మన దగ్గర 2009లోనే వచ్చిన వెనామీ రకం రొయ్యకు ఇక్కడ వాణిజ్య అనుమతి 2023లో గానీ రాలేదు.

1980లలో ఎగుమతి డాలర్ల కోసం ప్రభుత్వమూ, అప్పులిచ్చే సంస్థలూ రొయ్యను నెత్తిన పెట్టుకున్నాయి. తెల్ల బంగారం అన్నారు. వరి కోసం ఉప్పునీటిని ఆపడానికి కట్టిన కట్టల్లోనే తూములు ఎత్తి ఉప్పునీరు రానిచ్చారు. చిన్న రైతు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పక్క చేను నీరు గట్టు కింద నుంచి వస్తుంది. చివరికి తన నేలను కూడా ఏడాది కౌలుకు ఇచ్చేయాల్సిందే. ఆ కౌలును హారీ అంటారు. వరికి నాట్లు, కలుపు, కోత అని పదిమంది కూలీలకు పని దొరుకుతుంది. ఘేర్‌కు ఒక కాపలావాడు చాలు.

నది ఒడ్డున నడుము లోతు నీటిలో ఆడవాళ్లు నీలి రంగు వల లాగుతున్నారు. గట్టెక్కి వలను అల్యూమినియం పళ్లెంలో దులిపి, తెల్ల ముత్యపు చిప్పతో రొయ్యపిల్లలను ఒక్కటొక్కటిగా ఏరుతున్నారు. వెంట్రుక మందం, కళ్లు మాత్రం నల్లటి చుక్కలు. మిగిలిన చేపపిల్లలన్నిటినీ ఇసుకలో పారబోస్తున్నారు. ఇలా పట్టడం 2000లోనే నిషేధించారు. ఆ మాట మా కుర్రవాడు అంటే ఒకావిడ తలెత్తకుండానే, “వరికోతకు పిలిచేవాళ్లుంటే ఈ నీళ్లలో ఎవరు దిగుతారు బాబూ?” అన్నారు.

రొయ్యను పూర్తిగా తిట్టడానికి నాకు నోరు రాదు. ఇక్కడ పక్కా ఇళ్లు లేచాయి, పిల్లలు చదువుకున్నారు, చిన్న చెరువుల్లో సొంతంగా వేసుకునే రైతులూ ఉన్నారు. వైట్‌స్పాట్ అనే రొయ్యల తెగులు వస్తే మునిగేదీ వాళ్లే. నాకు మింగుడుపడనిది ఒక్కటే: వాతావరణ మార్పు వల్ల నేల ఉప్పుబారింది కాబట్టి ఇక రొయ్యే గతి అని సదస్సుల్లో వినిపించే వాదన. కారణాన్నీ ఫలితాన్నీ తిరగేసి మందుగా అమ్ముతున్నారు.

శుక్రవారం, హరిన్‌ఖోలా

ప్రార్థనల రోజు, బజారు మధ్యాహ్నం దాకా మూతే. నది దాటి 22వ పోల్డరుకు వెళ్లాం. 1990 నవంబరు 7న ఇక్కడ ఉప్పునీటి రొయ్య వద్దని భూమిలేని కూలీలు ఊరేగింపు తీస్తే దాడి జరిగింది. ముందు నడిచిన కరుణామయి సర్దార్ ప్రాణాలు కోల్పోయారు. ఏటా నవంబరులో జనం వచ్చి ఆమె స్మారకం దగ్గర చేరతారు. ఆ పోల్డరులోకి నేటికీ ఉప్పునీటి రొయ్య రాలేదు.

చుట్టుపక్కల అన్నిటికీ ఒకటే సముద్రం, ఒకటే తుపాను. కట్టకు ఇటు బోరో కోస్తున్నారు, తాటిచెట్లు, గడ్డివాములు, ఆవులు. నదికి అటు నీళ్లూ గుడిసెలూ. వాతావరణ మార్పు గురించి మాట్లాడేవాళ్లను ఒక్క పూట ఈ రేవులో నిలబెట్టాలనిపించింది. ముగ్గురు ముద్దాయిల్లో ఎవరి వాటా ఎంతో ఇక్కడ కొంతైనా కంటికి కనిపిస్తుంది.

శనివారం, భవదహ

జెస్సోర్ జిల్లాలోకి వచ్చాం. ఇక్కడి కష్టం ఉప్పు కాదు, వాననీరు బయటికి పోకపోవడం. భవదహలో ఇరవై ఒక్క ఖానాల పెద్ద తూము ఉంది. 1960లలో కట్టినప్పుడు ఎంత గొప్పగా ఉండి ఉంటుందో ఊహించగలను. తూముకు అవతల నది ఉండాల్సిన చోట మేకలు మేస్తున్నాయి. కట్టలు వేశాక పోటుతో వచ్చే ఒండ్రు పొలాల మీద పరచుకునే దారి లేక నది గర్భంలోనే మేట వేసింది. ఇప్పుడు నది గర్భం ఎత్తు, బిల్ అనే లోతట్టు నేల పల్లం. 1980ల నుంచి ఏటా వానాకాలం ఇళ్లలో నీళ్లే. ఆ ఊళ్లలో ఇంటి అరుగులు మనిషి నడుము ఎత్తున ఉన్నాయి, బడి గోడల మీద నీటి మరక కిటికీ దాకా ఉంది. తూము మీద పంపులు పెట్టి నీరు ఎత్తిపోస్తున్నారు.

దీనికి విరుగుడు కనిపెట్టింది ఇంజనీర్లు కాదు. 1990లో డకాతియా బిల్ దగ్గర, 1997లో భాయనా బిల్ దగ్గర విసిగిపోయిన జనమే కట్ట తెంపారు. పోటు లోపలికి వచ్చి ఒండ్రు పోసింది, ఆటు వెళ్తూ వెళ్తూ నదిని తవ్వుకుంటూ పోయింది. భాయనాలో కట్ట తెంపిన చోటి దగ్గర నేల మీటరుకు పైనే లేచింది, హరి నది మళ్లీ లోతయ్యింది. ఆ తర్వాత ప్రభుత్వం దీన్నే పోటు నదుల నిర్వహణ అని పద్ధతిగా స్వీకరించింది. ఒక్కో బిల్‌ను వంతులవారీగా కొన్నేళ్లు పోటుకు వదలాలి. 2018లో ఆమోదించిన డెల్టా ప్లాన్ 2100 లో కూడా దీనికి చోటుంది. 2030 నాటికి 80 ప్రాజెక్టులు, 3,700 కోట్ల డాలర్లు అన్న ఆ ప్రణాళికలో డచ్చి నిపుణుల చెయ్యి ఉంది. కానీ పంపు కొనడం, కట్ట ఎత్తడం, నది తవ్వడం టెండరుకు లొంగే పనులు. పోటును ఊళ్లోకి పిలవాలంటే వందలమంది రైతులను ఒప్పించాలి. డబ్బు దేనివైపు పోతుందో చెప్పనక్కరలేదు.

ఒప్పించడం ఎందుకంత కష్టమో టీ కొట్టులో తెలిసింది. 2006 నుంచి 2012 దాకా ఖుక్‌షియా బిల్‌ను పోటుకు వదిలారు. అందులో నేల ఉన్న ఒకాయన, ఏటా ఇల్లు మునిగే ఇంకొకాయన వాదులాడుకుంటున్నారు. రెండో ఆయనకు వచ్చే వానాకాలం లోపు ఏదో ఒక బిల్ తెరవాలి. మొదటి ఆయన గొంతు పెంచారు: “మూడేళ్లన్నారు, ఆరేళ్లయింది. పరిహారానికి వెళ్తే పట్టా తాత పేరు మీద ఉంది, వారసుల కాగితం తెమ్మన్నారు. వారసులు పద్నాలుగు మంది, నలుగురు ఇండియాలో ఉన్నారు. కాగితం కోసం తిరిగిన ఖర్చు పరిహారాన్ని మించిపోయింది.” తర్వాతి వంతు రావలసిన కపాలియా బిల్ దగ్గర 2012లో ఘర్షణ జరిగి పని ఆగిపోవడానికి వెనక ఇలాంటి లెక్కలే ఉన్నాయి.

నేను మధ్యలో దూరి, డబ్బు ముందే ఇచ్చి, గడువు రాసిచ్చి, ఆ మేరకు ఏటా కట్టిస్తే ఒప్పుకుంటారా అని అడిగాను. మొదటి ఆయన కాసేపు ఆలోచించి, “ముందే ఇస్తే నేనే పలుగు పట్టుకుని వస్తాను” అన్నారు. అప్పటిదాకా ఊరకే కూర్చున్న మూడో మనిషి నవ్వాడు. ఆయన పాలికాపు, సొంత నేల లేదు. బిల్ తెరిస్తే పట్టా ఉన్నవాళ్లకు పరిహారం, తనకు పని పోవడం. మూస్తే వానాకాలం ఇంట్లో నీళ్లు. ఆయన పేరు ఏ జాబితాలో ఎక్కించాలో మొదటి ఇద్దరికీ తోచలేదు. అప్పుడు మాత్రం ఆ ఇద్దరూ ఏకమై, అది ప్రభుత్వం చూసుకోవాల్సిన సంగతని తేల్చేశారు.